ఏ అలీ?

1980 తొలిరోజుల్లో ముహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ. గూడూరులో రైల్వే గుమస్తాగా ఉన్న నాన్న అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అన్నయ్యకు అప్పుడు పదమూడేళ్ళు, నాకు ఏడు. "వీడు చిన్నోడు, జనంలో తప్పిపోతాడు" అని నన్ను అమ్మ దగ్గర వదిలేశారు. మర్నాడు మూర్ మార్కెట్లో కొన్న రేకు కారు తెచ్చి చేతిలో పెట్టారు. కారు బాగానే ఉండేది. దాని కీ వారం తిరక్కుండానే పోయింది.

నేను టైసన్ పార్టీలో చేరడానికి అసలు కారణం ఇదేనని ఒప్పుకోవడానికి ఈ వయసులో నామోషీ ఏముంది? 1986 నవంబరులో ఇరవయ్యేళ్ళ మైక్ టైసన్ ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండులోనే కూల్చి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. పేపర్లో ఆ వార్త చదివి నేనే గెలిచినంత సంబరపడ్డాను. ఎందుకంటే 1981 డిసెంబరులో, బహమాస్‌లో, అలీని ఆఖరిసారి ఓడించింది ఈ బెర్బికే. లెక్క తేలిపోయింది కదా! అలీ కంటే బెర్బిక్ ఎక్కువ, బెర్బిక్ కంటే టైసన్ ఎక్కువ. పరిగెత్తుకుంటూ వెళ్ళి అన్నయ్యకు చెప్పాను.

"ఏ అలీ?" అన్నాడు అన్నయ్య.

ఆ రెండు మాటల చుట్టూనే దాదాపు నలభై ఏళ్ళుగా తిరుగుతున్నాం. బెర్బిక్ చేతిలో ఓడిన మనిషికి నలభై నిండడానికి నెల తక్కువ. అన్నయ్య అలీ ఆయన కాదు. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిన ఇరవైనాలుగేళ్ళవాడు. మరుసటేడు సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ లాగేసుకున్నారు. మళ్ళీ రింగులోకి రావడం 1970 అక్టోబరులో. మధ్యలో మూడున్నరేళ్ళు పోయాయి. ఆ మూడున్నరేళ్ళ అలీని ఎవరూ చూడలేదు. అన్నయ్య మాత్రం చూసినట్టే మాట్లాడతాడు.

నా టైసన్ 1988 జూన్‌వాడు. మైఖేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పంపించినవాడు.

కొలతలు తీస్తే అన్నయ్యకే మొగ్గు. అలీ ఆరడుగుల మూడంగుళాలు, టైసన్ ఐదడుగుల పది. చేతుల చాపు అలీది 78 అంగుళాలు, టైసన్‌ది 71. కానీ కస్ డమాటో టైసన్‌కు నేర్పిందే పొడుగువాళ్ళ పని పట్టే విద్య. రెండు గ్లవ్స్ చెంపలకు ఆనించి, తల అటూ ఇటూ ఊపుతూ లోపలికి దూరిపోవడం, దూరాక ఎడమ హుక్. అలీకి పొడిచినట్టు సరిపోయే దెబ్బ అదేనని నా వాదన. చేతులు కిందికి వదిలేసి తల వెనక్కి లాక్కోవడం ఆయన అలవాటు. 1963లో హెన్రీ కూపర్ కూల్చింది ఎడమ హుక్‌తోనే. 1971 మార్చిలో ఫ్రేజియర్ పదిహేనో రౌండులో పడేసిందీ దానితోనే.

"పడ్డాడు సరే, లేచాడా లేదా?" అంటాడు అన్నయ్య. పైగా డమాటో విద్యతోనే ఫ్లాయిడ్ ప్యాటర్సన్ వస్తే 1965లో ఏమైందో చూడమంటాడు. ప్యాటర్సన్‌కు టైసన్ బరువూ లేదు, ఆ దెబ్బా లేదు, నడుం నొప్పి కూడా ఉందని నేనంటాను. లేచాడా లేదా అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు 1990 ఫిబ్రవరిలో టోక్యోలో వచ్చింది. పదో రౌండులో బస్టర్ డగ్లస్ కొట్టిన దెబ్బకు టైసన్ నేలమీద మౌత్‌పీస్ కోసం తడుముకున్నాడు. దొరికాక దాన్ని సగం బయటికి వేలాడేలా నోట్లో పెట్టుకుని లేవబోయాడు. నాకప్పుడు పదిహేడు. ఆ వారమంతా అన్నయ్య బాక్సింగ్ ఊసే ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదనిపించింది.

ఇలాంటి తగువును యంత్రానికి అప్పగించినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో మరీ వొరోనర్ అనే రేడియో నిర్మాత ఎన్.సి.ఆర్. 315 కంప్యూటర్‌కు పాత ఛాంపియన్ల లెక్కలు తినిపించి, ఊహా పోటీలు నడిపాడు. అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడాడని తేలిస్తే ఆయన కోర్టుకెళ్ళాడు. తర్వాత 1969లో, టైటిల్ లేక ఖాళీగా ఉన్న అలీని, ఎప్పుడో రిటైరైన రాకీ మార్సియానోను స్టూడియోలో నిలబెట్టి సినిమా తీశారు. మార్సియానో బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. రకరకాల ముగింపులు తీశారు. ఏది ఖాయమో ఇద్దరికీ చెప్పలేదు. ఆ ఏడాది ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో సినిమా విడుదలైతే అమెరికాలో పదమూడో రౌండులో మార్సియానో గెలిచాడు. యూరప్‌లో చూపినదాంట్లో అలీ గెలిచాడు. యంత్రానికీ ఊరిని బట్టి అభిమానం ఉంటుందన్నమాట.

టైసనే ఓసారి, 1989లో, టీవీలో అలీని పక్కన పెట్టుకుని ఆయనే అందరికంటే గొప్పవాడని ఒప్పుకున్నాడు. అన్నయ్య దీన్ని సాక్ష్యం అంటాడు. నేను మర్యాద అంటాను. ఎదురుగా చేతులు వణుకుతూ కూర్చున్న పెద్దమనిషితో ఎవరైనా ఇంకేమంటారు?

మొన్న నాన్న సంవత్సరీకానికి అన్నయ్య ఇంటికి వెళ్ళాను. భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. "నీకేంలే, నువ్వు అలీని కళ్ళారా చూశావు" అన్నాను, ఎప్పుడూ అనేమాటే. అన్నయ్య కాసేపు ఏమీ అనలేదు.

"యాడ చూశానురా! మాది ఆ చివర. ముందంతా జనం. నాకేమీ అగపడలా. నాన్న మునివేళ్ళ మీద నిలబడి చెప్తా ఉంటే వింటా ఉన్నా. అదుగో కొట్టాడు, ఇదుగో తప్పుకున్నాడు అని. నాన్నకైనా ఎంత అగపడిందో."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"నిన్ను వదిలేసి పోయామని నువ్వు అంత ఏడిస్తివి. ఏమీ చూడలేదని ఎట్లా చెప్పేది?"

వదిన కాఫీ తెచ్చింది. అన్నయ్య గ్లాసు అందుకుని, "అయినా ఆరో రౌండు దాటిందంటే మీవోడి పని అయిపోయినట్టే" అన్నాడు.

ఆరో రౌండు దాకా ఎందుకొస్తుందని నేను మొదలుపెట్టాను.