చిరువిమానములు - చేరని జాబు

“నోరు మంచిదైతే ఊరు మంచిది” అని మన పెద్దలందురు. సంఘముల విషయమున ఈ సామెతకు మరియొక మాట చేర్చవలెనని మాకు తోచుచున్నది. మాట మంచిదైన చాలదు; చేరవలసిన వారికి చేరవలసిన వేళకు అది చేరవలెను. ఈ సంగతిని మేము గ్రంథములు చదివి నేర్చుకొనలేదు. ఒక బాలిక చేసిన చిరువిమానము మాకు నేర్పినది. విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఈ నాలుగు మాటలను ఓపికతో చదువుదురని నమ్మి వ్రాయుచున్నాము.

మాది తెలుగు బోధించు వృత్తి. ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశ్‌లో; ఉద్యోగమునకు వచ్చినది ఈ మొరప్పూరు ప్రాంతమునకు. యంత్రములతో మాకు పరిచయము తక్కువ. అయినను మా పాఠశాలలో కొందరు పిల్లలు నమూనా విమానములు చేయుటకు ఒక సంఘము పెట్టుకొనినప్పుడు, చూచువారెవరును లేక ఆ భారము మాపై పడెను. శిక్షణ నాటి మా మిత్రుడొకడు ఎన్.సి.సి. వాయు విభాగమున నుండి వచ్చినవాడు. సెలవు దినములలో అతడు చిన్న విమానములు చేయుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిమి. మా విద్య అంతమాత్రమే.

చిరువిమానమును పిల్లల ఆటబొమ్మ యని తేలికగా చూడరాదు. 1871లో ఆల్ఫోన్స్ పెనో అను ఫ్రెంచి యువకుడు, మెలివేసిన రబ్బరుతో పంకా తిరుగు చిన్న విమానమును చేసి, పారిస్ నగరపు తోటలో పండితుల యెదుట ఎగురవేసెను. అది 11 సెకండ్లలో సుమారు 40 మీటర్లు పోయినది. రెక్కయు తోకయు తగిన కోణమున నున్నచో విమానము తనంత తానే నిలుకడ పొందునని అది లోకమునకు చూపెను. అదే పెనో కల్పించిన పద్ధతిలో రబ్బరుతో పైకెగురు బొమ్మ నొకదానిని 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కుమారులకు తెచ్చి యిచ్చెను. ఆ కుమారులే విల్బర్, ఆర్విల్ రైటు సోదరులు. 1903 డిసెంబరు 17వ తేదీన యంత్రబలముతో మనుష్యుని మోసికొని ఎగిరిన విమానము వారిదే.

మా పిల్లలకు బాల్సా కఱ్ఱ సులభముగా దొరకదు. వెదురు బద్దలు, థర్మోకోల్ పలకలు, గాలిపటముల కాగితము, ముడివేసిన రబ్బరు బ్యాండ్లు - వీనితోనే వారి పని సాగుచుండెను. విమానము ముక్కెత్తి, క్షణము నిలిచి, కూలినచో ముక్కునకు చిటికెడు బంకమన్ను పెట్టుదురు. ముక్కు దించి నేలకు గ్రుచ్చుకొనినచో ఆ మన్ను కొంత తీయుదురు. రెక్క ముందంచు నుండి దాని వెడల్పులో మూడవ వంతు దగ్గర రెండు వ్రేళ్లపై నిలిపినచో విమానము త్రాసువలె సమముగా నిలువవలెను. ఈ చిన్న సూత్రమును పట్టుకొని ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నెలదినములు కష్టపడి ఒక విమానము చేసినది. అది మా ఆటస్థలమును ఈ చివర నుండి ఆ చివరకు దాటి, మెల్లగా నేల దిగిన సాయంకాలము పిల్లలందరును కేకలు వేసిరి. మేమును వేసితిమి.

ఆ దినములలోనే జిల్లా కేంద్రమున పాఠశాలల పిల్లలకు నమూనా విమానముల పోటీ యొకటి ఏర్పాటయ్యెను. దానిని గూర్చిన సర్క్యులర్ మూడు వారములు ముందుగానే మా చేతికి వచ్చినది. అది తమిళములో నుండెను. మేము తమిళమును నేటికిని అక్షరము వెంట అక్షరము కూడబలుకుకొని చదువువారము. మొదటి రెండు పంక్తులు చూచి, పరీక్షలకు సంబంధించిన కాగితమని తలచి, తరువాత చదువుదమని సొరుగులో నుంచితిమి. అది అక్కడనే యుండిపోయినది.

పోటీ జరిగిన మరునాడు బాలిక తండ్రి పాఠశాలకు వచ్చెను. ఆయన చిన్న రైతు. కోపముతో రాలేదు, అదియే మాకు మరింత కష్టముగా నుండెను.

“సార్, బిడ్డ నెలదినాలుగా రాత్రిళ్లు కూర్చుని చేసింది. పోటీ నిన్ననే అయిపోయిందంట. మీకు తెలీదా?” అని అడిగెను.

మేము సొరుగు తెరచి కాగితము తీసి చూపితిమి. తప్పు మాదేయని చెప్పితిమి. ఆ ప్రక్కనే నిలిచియున్న బాలిక ఆ కాగితమును అందుకొని, గడగడ చదివి, మెల్లగా అనినది: “సార్, దీన్ని నాకు ఇచ్చి ఉంటే నేను చదివి చెప్పేదాన్ని గదా!”

ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది.

2006లో తమిళ బోధనను గూర్చిన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలు తెలుగుతో పాటు తమిళమును చదువుచున్నారు. ఇంగ్లీషు ఎట్లును ఉన్నది. అనగా పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన మాకు లేని విద్య మా యెదుట బెంచీలపై కూర్చున్నవారికి కలదు. ఆ సంగతి మేము గుర్తింపలేదు. నాయకుడనగా అన్నియు తానే చదువవలెను, తానే చెప్పవలెను అను భ్రమలో నుంటిమి.

తరువాత విచారింపగా మరియొక సంగతి తెలిసినది. హరూరు వైపున అట్టి పిల్లల సంఘమే యొకటి కలదు. వారు పోటీకి వెళ్లిరి. మాకు చెప్పలేదేమని అడుగగా, “మీకు తెలిసియే యుండుననుకొంటిమి” అనిరి. వారిలో దోషము లేదు. మనకు చెప్పుట ఎవరి పనియు కాదు. ఎవరి పనియు కానిది జరుగదు. 2004లో ధర్మపురి జిల్లా నుండి కృష్ణగిరి జిల్లా వేరుపడినది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు పిల్లలకు ఒక కార్యాలయము నుండి కాగితములు పోవును. మనకు మరియొక కార్యాలయము నుండి వచ్చును. నడుమ ఒకరి మాట మరియొకరికి చేరవేయువారు లేరు.

మొరప్పూరు వారికి ఈ బాధ కొత్తది కాదు. 1906లో ఇక్కడి నుండి ధర్మపురికి చిన్న రైలు మార్గము వేసిరి. పెద్ద రైలు దిగినవారు ఇక్కడ చిన్న రైలెక్కి పోవుచుండిరి. 1941లో ఆ మార్గము మూతపడినది. ఊళ్లు రెండును ఉన్న చోటనే యున్నవి. నడుమ కలుపునది మాత్రము పోయినది. మన సంఘముల స్థితియు అట్లే యుండెను.

ఇతర దేశముల వారు ఈ చిక్కును ఎట్లు తీర్చుకొనిరో తెలిసికొనుట మేలు. అమెరికాలో నమూనా విమానముల వారికి 1936లో ఏర్పడిన జాతీయ సంఘ మొకటి కలదు. దాని క్రింద వందల కొలది ఊళ్లలో చిన్న సంఘములున్నవి. ఇన్నింటికి ఒక్క కార్యాలయము చాలదని వారు దేశమును 11 భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఎన్నికైన ఉపాధ్యక్షు నొకనిని పెట్టుకొనిరి. అతనికి సహాయకు లుందురు. క్రింది సంఘముల కష్టసుఖములు పైకి చేర్చుటయు, పై నిర్ణయములు క్రిందికి తెలుపుటయు అతని పని. మన దేశమున ఎన్.సి.సి. వాయు విభాగపు పిల్లలు నమూనా విమానములు చేయుట నేర్తురు. అఖిల భారత వాయు సైనిక శిబిరమున వానిలో పోటీపడుదురు. యూనిటు నుండి రాష్ట్రమునకు, రాష్ట్రము నుండి దేశమునకు వారికి వరుస కలదు. కావుననే పల్లెలోని కేడెట్టునకు కూడ మాట చేరును. మనవంటి చిన్న సంఘములకే అట్టి వరుస లేదు.

మేము చేసినది స్వల్పము. చుట్టుప్రక్కల ఐదు పాఠశాలల వారిని కలిసికొని, సంవత్సరమున కొకరు చొప్పున వంతు ప్రకారము ప్రాంతీయ బాధ్యత వహింపవలెనని నిర్ణయించుకొంటిమి. ఆ బాధ్యుడు ఆరు నెలల కొకమారైన ప్రతి సంఘమునకు పోయి, మొదట వినవలెను, పిదప చెప్పవలెను. ప్రతి సంఘమున ఇద్దరు పిల్లలు కార్యదర్శులు. వచ్చిన కాగితమును వచ్చిన నాడే చదివి, దాని సారమును తెలుగులోను తమిళములోను నోటు పుస్తకమున వ్రాసి, తక్కిన నలుగురికి పంపవలెను. ఇప్పుడు వాట్సాప్ ఉన్నది గదా యని కొందరనిరి. ఉన్నది; కాని రెండు నీలి గీతలు పడినంత మాత్రమున మాట చేరినట్లు కాదు. “అందినది, ఇంతమంది వచ్చుచున్నాము” అను జవాబు వచ్చినప్పుడే పుస్తకమున ఆ పద్దు కొట్టివేయుదుము.

ఇట్లు చేరవలసిన మాటలు పోటీల వార్తలు మాత్రమే కావు. రేడియోతో నడుపు విమానములకు 2021లో కేంద్ర ప్రభుత్వము డ్రోన్ నియమములు చేసినది. అందులో చదువు కొరకును వినోదము కొరకును కంటికి కనబడు దూరములో నడుపు 25 కిలోలకు మించని నమూనాలకు కొన్ని మినహాయింపు లిచ్చినది. విమానాశ్రయముల సమీపమున కట్టుబాట్లు విధించినది. కొందరు తల్లిదండ్రులు అన్నియు నిషేధమే యని భయపడిరి; కొందరు పిల్లలు ఏ నియమమును లేదని తలచిరి. ఇరువురికి నిజము చెప్పువాడు ప్రాంతమున కొకడైన ఉండవలెను.

మరియొక కొరత ఇంకను తీరలేదు. ఉపాధ్యాయునకు బదిలీ అయినచో అతని సంఘము కూడ మూతపడుచున్నది. నోటు పుస్తకము పిల్లల చేతిలో నుండుటయే దీనికి మందని మా నమ్మకము. ఉపాధ్యాయుడు పోవును, పుస్తకము, దానిని వ్రాయు చేయి నిలుచును.

మరుసటి సంవత్సరము పోటీ మరల వచ్చెను. ఆ బాలికయే మా కార్యదర్శిని. కాగితము వచ్చిన సాయంకాలమే ఐదు పాఠశాలలకును ఆమె వ్రాత చేరినది. పోటీనాడు ఆమె విమానము గాలి మారి వేపచెట్టు కొమ్మకు తగులుకొనినది, బహుమతి రాలేదు. కాని ఐదు పాఠశాలల పిల్లలును మైదానములో నుండిరి. ఆమె తండ్రి మా ప్రక్కన నిలిచి, కొమ్మ మీది విమానమును చూచి నవ్వెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. తెలుగు చదివిన బిడ్డ తమిళ దేశమున వెనుకబడునని దిగులుపడకుడు. మూడు భాషలు తెలిసిన బిడ్డ ఏ సంఘమునకైన వంతెన కాగలదు. విద్యార్థులారా! మీ గురువుల సొరుగులలో చదువని కాగితములు ఉండవచ్చును. అడిగి తీసికొని చదువుడు. చదివి పదిమందికి చెప్పుడు. నాయకత్వము అక్కడనే మొదలగును.