ఒక కార్డా, రెండా?

ఒక నవలని ఇద్దరు పంచుకున్నారనుకుందాం: బేసి పేజీలు ఒకరు, సరి పేజీలు ఒకరు. పని సగమవుతుంది, కానీ పుస్తకం మొత్తం ఇద్దరి చేతుల్లోనూ ఉండాలి. ఎస్ఎల్ఐ పద్ధతిలో రెండు గ్రాఫిక్స్ కార్డులు ఫ్రేములు పంచుకునేది దాదాపు ఇలాగే. అందుకే 8 జీబీ కార్డులు రెండు పెట్టినా గేమ్‌కి దక్కేది 8 జీబీయే. ఫ్రేముల మధ్య ఎడం సమానంగా లేకపోతే బొమ్మ తడబడుతుంది కూడా.

కరీంనగర్‌లో మా తమ్ముడి దగ్గర జీటీఎక్స్ 1080 ఉంది. "ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌ల అగ్గువకు దొరుకుతుందన్నా, డబులే గదా" అంటాడు. కొత్త కార్డంటే వాడికి రెండు నెలల జీతం. కాబట్టి కాదనడం నాకు తేలిక కాదు.

కానీ 2004లో ఎస్ఎల్ఐ తెచ్చిన ఎన్విడియానే 2021 నుంచి దానికి కొత్త ప్రొఫైళ్లు రాయడం మానేసింది. గేమ్ తయారుచేసినవాళ్లు పూనుకుంటే తప్ప రెండో కార్డు ఖాళీగా కూర్చుంటుంది. రెండూ పనిచేస్తే 360 వాట్లు; అదంతా చివరికి గదిలో వేడే. మే నెల కరీంనగర్‌కి ఆ సాయం అక్కర్లేదు.

ఉన్నది అమ్మి, పైన కొంత వేసి, ఒక్కటే మంచిది కొనమన్నాను. తక్కువైంది నేనిస్తానంటే వద్దన్నాడు. దసరా దాకా ఆగుతాడట.