బండి మాట వినే చెవి

టయోటా అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే క్వాలిస్, ఆ తర్వాత ఇన్నోవా. పెళ్లిబృందం, తిరుపతి మొక్కు, ఎయిర్‌పోర్టు పికప్... దేనికైనా అదే బండి. మా నాన్న నరసరావుపేటలో ఇరవై ఏళ్లకు పైగా ట్రావెల్స్ బండి నడుపుతున్నాడు. ఆయన లెక్కలో మంచి బండికి ఒకటే లక్షణం: "అదొకటి ఉందన్న సంగతే గుర్తు రాకూడదురా. గుర్తొచ్చిందంటే ఎక్కడో ఏదో మోగుతున్నట్టే."

అలాంటి మనిషికి జీఆర్ యారిస్ మంచు మీద అడ్డంగా జారుతూ పోయే రీల్ చూపించాను. నవ్వేశాడు. "టైర్లు అరగదీసుకోడానికి అంత డబ్బు పోయాలా?" అన్నాడు.

ఒకప్పుడు టయోటా నడిచిన దారి చూస్తే, ఆ కంపెనీ కూడా నాన్నలాగే ఆలోచించిందేమో అనిపిస్తుంది. 1967లో 2000జీటీ లాంటి అందాల కారు తీసిన కంపెనీ అది. 1990లో, 1992లో కార్లోస్ సైన్జ్‌ని సెలికాతో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ని చేసిన కంపెనీ. అదే కంపెనీ 2002లో సుప్రాని ఆపేసింది. 2006లో సెలికా, 2007లో ఎంఆర్-ఎస్ కూడా పోయాయి. కరోలా, క్యామ్రీ బాగానే అమ్ముడుపోతున్నాయి కదా, ఇక స్పోర్ట్స్ కారుతో పనేముంది?

ఇక్కడే నాకు ఇష్టమైన మనిషి కథలోకి వస్తాడు. పేరు హిరోము నరుసె. 1963లో టయోటాలో చేరి, టెస్ట్ డ్రైవర్లందరికీ గురువు స్థాయికి ఎదిగినవాడు. కంపెనీని మొదలుపెట్టిన కుటుంబంలోని మూడో తరం వారసుడు అకియో టయోడాకి, డ్రైవింగ్ సరిగ్గా రానివాళ్లు కార్ల గురించి మాట్లాడకూడదని మొహం మీదే చెప్పాడు. నేర్చుకుంటానంటే నేర్పుతానన్నాడు. కాబోయే బాస్‌తో అలా మాట్లాడాలంటే ఎంత గుండె కావాలి!

జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ ఒక్క రౌండే 20 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. వేరే కంపెనీలు అక్కడ రాబోయే మోడళ్లకు ముసుగులేసి పరీక్షించుకుంటుంటే, అకియో మాత్రం పాత సుప్రాలో నేర్చుకున్నాడు. నడపడానికి తన కంపెనీ దగ్గర కొత్త స్పోర్ట్స్ కారే లేదు మరి. 2007లో ఆ గురుశిష్యులు రెండు సెకండ్‌హ్యాండ్ ఆల్టెజా కార్లతో అక్కడి 24 గంటల రేసులో దిగారు. టయోటా పేరు వాడుకోలేక టీముకి గాజూ రేసింగ్ అని, అకియో తనకి మోరిజో అని పేర్లు పెట్టుకున్నారు. ఇవాళ కార్ల మీద కనిపించే 'జీఆర్' ఆ గాజూ రేసింగే.

2009లో అకియో ప్రెసిడెంట్ అయ్యాడు. 2010లో నూర్‌బర్గ్‌రింగ్ దగ్గరే లెక్సస్ ఎల్ఎఫ్ఏని పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో నరుసె చనిపోయాడు. ఆయన చూడని కార్లు తర్వాత వరసగా వచ్చాయి. 2012లో సుబారుతో కలిసి జీటీ86. 2019లో బీఎండబ్ల్యూ ఇంజన్‌తో సుప్రా. అప్పుడు ఫ్యాన్స్ గొణిగారు, ఇది మన సుప్రానేనా అని. వాళ్ల బాధలో న్యాయం ఉంది. పేరు తిరిగొచ్చినంత మాత్రాన వారసత్వం తిరిగొచ్చినట్టు కాదు.

దానికి నిజమైన జవాబు 2020లో వచ్చిన జీఆర్ యారిస్. మూడే సిలిండర్లు, 1.6 లీటర్ల టర్బో ఇంజన్, నాలుగు చక్రాలకీ పవర్. అంతా టయోటా సొంతం. దాన్ని కట్టే పద్ధతి ఇంకా నచ్చింది నాకు. మోటోమాచి ఫ్యాక్టరీలో దానికోసం కన్వేయర్ బెల్ట్ తీసేసి, చెయ్యి తిరిగిన పనివాళ్లని పోగేసి, ఒక్కో దశ దగ్గర ఆగి బిగించేలా ఏర్పాటు చేశారు. 2025 డిసెంబరులో 4 లీటర్ల వీ8తో జీఆర్ జీటీని కూడా చూపించారు.

మన దగ్గర జీఆర్ యారిస్ అమ్మరు. ఫార్చ్యూనర్ మీద 'జీఆర్-ఎస్' బ్యాడ్జీ చూసి మురిసిపోవడమే. ఇంజన్ మామూలు ఫార్చ్యూనర్‌దే. అయినా ఈ కథ నన్నెందుకు వదలట్లేదో ఈమధ్యే అర్థమైంది. ఇది స్పీడ్ గురించి కాదు, నేర్పేవాళ్ల గురించి. స్పోర్ట్స్ కార్లు ఆపేస్తే కంపెనీకి డబ్బు మిగులుతుంది. కానీ నరుసె లాంటివాళ్ల చేతుల్లో ఉన్న విద్య అందుకునేవాడు ఉండడు. ఒక తరం తప్పితే చాలు, దాన్ని ఏ ఫైల్లోంచీ తిరిగి తెచ్చుకోలేం.

మా నాన్న ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని వెళ్తూ కూడా ఏ వైపు చక్రం బేరింగ్ పోతోందో చెప్పేస్తాడు. స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టి అలైన్‌మెంట్ తేడా పట్టేస్తాడు. ఆయన మోకాళ్లు ఇప్పుడు క్లచ్‌ని ఓర్చుకోవట్లేదు. బండి అమ్మేద్దామంటున్నాడు. నేనేమో హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం చేసుకునేవాణ్ని. ఆ చెవి నాకు రాలేదు.

అందుకే సంక్రాంతి దాకా అమ్మొద్దని చెప్పాను. పండక్కి వెళ్లి నేను నడుపుతాను, ఆయన పక్కన కూచుంటాడు. శ్రీశైలం ఘాట్ రోడ్డు దాకా. నరుసె చెప్పినట్టు తిడితే తిట్టనీ.