రంగూను నుంచి వచ్చిన జపాను కప్పులు

ఒమానులో పాత ఇళ్ళ మజ్లిస్‌లలో గోడ గూళ్ళ నిండా పింగాణీ పళ్ళేలు కనిపిస్తుంటాయి. మనహ్ ఊరి పాత మసీదులలో మిహ్రాబు గచ్చుపని మధ్య చైనా గిన్నెలు పొదిగారు. సముద్రవ్యాపారం చేసిన దేశానికి పింగాణీ మీద మక్కువ వింతేమీ కాదు. మన కోస్తా జిల్లాలకూ అటువంటి సంబంధమే ఉండేది. ఓడలెక్కి బర్మా వెళ్ళిన మనవాళ్ళను అక్కడ "కోరంగీలు" అనేవారు. అమ్మ వాళ్ళ తాతగారు అలా వెళ్ళి, రంగూను నుంచి ఒక జపాను టీ సెట్టు తెచ్చారు.

అమ్మ పోయాక ఆ సెట్టు మా వాటాగా మస్కట్ చేరింది. "నూటయాభై ఏళ్ళనాటిది, లక్షలు చేస్తుంది" అన్నది ఇంట్లో అందరి నమ్మకం. ఆ లెక్కమీదే అన్నయ్య, అక్కయ్య మిగతా పంపకం చేశారు. అంచేత అసలు సంగతి తేల్చడం అవసరమయింది.

వైద్యులం గనుక రోగిని చూసినట్టే చూశాం. ముందు కప్పు బోర్లించి ముద్ర చూడాలి. దిగుమతి సరుకుపై దేశం పేరుండాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేసింది. దానితో 1891 నుంచి జపాను సరుకుపై "నిప్పాన్" అని వేశారు. 1921లో ఆ పేరు చెల్లదనడంతో "జపాన్" వచ్చింది. యుద్ధం తర్వాత 1952 వరకూ కొన్నిటిపై "ఆక్యుపైడ్ జపాన్" అనీ ఉండేది. మా కప్పుల కింద నోరిటాకే పేరూ, "మేడ్ ఇన్ జపాన్" అన్న మాటా ఉన్నాయి. నగోయాలో ఆ కంపెనీ పుట్టిందే 1904లో. ఇక నూటయాభై ఏళ్ళు ఎక్కడివి? అయితే ముద్ర ఒక్కటే నమ్మరాదు, నకిలీ ముద్రలూ ఉన్నాయి.

తర్వాత భూతద్దం. అచ్చుబొమ్మయితే సన్నని చుక్కలు కనబడతాయి, అన్ని కప్పులపైనా గీత ఒకటే. చేత్తో వేసినదయితే కుంచె జాడ తెలుస్తుంది, పువ్వుకూ పువ్వుకూ తేడా ఉంటుంది. మావాటికి గీతలు అచ్చువి, రంగులూ బంగారమూ చేత్తో దిద్దినవి. ఆపైన ఛాతీ తట్టి చూసినట్టు వేలితో మీటాలి. బాగున్న కప్పు ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. ఆరింటిలో రెండు బొంగురువి.

వెలకు అమ్మేవాడు అడిగే ధర ప్రమాణం కాదు. అటువంటివి నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడాలి. అలా చూస్తే ఈ సెట్టుకు మస్కట్ నుంచి హైదరాబాదుకు టిక్కెట్టు ఖర్చు కూడా రాదు.

ముద్రల ఫోటోలతో సహా ఇదంతా అన్నయ్యకు రాశాం. "వాటా పెంచుకోవడానికి తక్కువ చేసి చెబుతున్నావా?" అన్నాడు. మనసు చివుక్కుమంది. పంపకం అలాగే ఉండనిమ్మన్నాం, ఎవరికయినా చూపిస్తామంటే సెట్టు పంపుతామన్నాం. అక్కయ్యను మాత్రం ఒకటి కోరాం: తాతగారు ఏ ఏడు, ఏ ఓడలో వచ్చారో అమ్మ నోట విన్నదంతా రాసి పంపమని. అది ఏ కప్పు కిందా ఉండదు.

మిత్రులకు వైద్యులుగా ఒక మాట. పాతకాలపు పైరంగులలో సీసం ఉండవచ్చు. చింతపండు పులుసు, నిమ్మరసం వాటిలో పోయకండి. గూట్లో పెట్టి చూసుకోండి. మీ ఇంట్లో వస్తువు ఎవరు తెచ్చారో చెప్పగల పెద్దవాళ్ళుంటే, ఈ వారమే ఉత్తరం రాసి అడగండి.