గంటకింత అద్దె

తప్పులు చేస్తే జీతం కోసే ఉద్యోగాలు మీరు చూసివుంటారు. తప్పులు పట్టినందుకు జీతమిచ్చే ఉద్యోగం నాది. హైదరాబాదులో ఇరవై యేళ్ళకు పైగా సాఫ్ట్‌వేరు పరీక్షచేసే పనిలో వున్నాను. రాసేవాళ్ళు ప్రోగ్రాము రాస్తారు. నేను దాన్ని అన్నివైపులనుంచీ గిల్లి చూస్తాను. ఆఫీసులో నన్ను టెస్టరు అంటారు. మా అత్తగారు మాత్రం "మా కోడలిది వంకలు పెట్టే ఉద్యోగం" అని పక్కింటివాళ్ళతో చెబుతారు. ఆ మాటలో మెచ్చుకోలెంతో, దెప్పెంతో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు.

యీ పనిలో అసలు చిక్కు తప్పు పట్టుకోవడంలో లేదు. పట్టుకున్న తప్పును పదిమంది ఎదుట మళ్ళీ చూపించడంలో వుంది. రాత్రంతా పిల్లవాడికి వొళ్ళు కాలిపోతూ వుంటుంది. తెల్లారి డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోతే వాడు చల్లని వొంటితో ఆయన స్టెతస్కోపు లాగి ఆడుకుంటాడు, చూశారూ, అచ్చంగా అట్లాగే.

2008 నాటి సంగతి చెబుతాను. అప్పుడు నేను పనిచేసే కంపెనీ, పేరెందుకు లెండి, ఒక బీమా సంస్థకోసం పింఛన్ల ప్రోగ్రాము తయారు చేస్తోంది. పింఛను పుచ్చుకునేవారు ఏడాదికొకసారి తాము బ్రతికివున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇచ్చిన తేదీకి ప్రోగ్రాము ఒక ఏడాది కలుపుకుని, అంతవరకు చెల్లింపు సాగనిస్తుంది. జనవరి నెలాఖరులో నాకొక అనుమానం వచ్చింది. ఎవరైనా ఫిబ్రవరి 29న పత్రమిస్తే? ఏడాది కలిపితే వచ్చేది 2009 ఫిబ్రవరి 29. అటువంటి రోజు ఏ క్యాలెండరులోనూ లేదు.

అనుమానం తీరాలంటే సర్వరు గడియారాన్ని ముందుకు తిప్పి చూడాలి. ఉమ్మడి సంసారంలో ఒకే నుయ్యి వున్నట్టు, పరీక్షలకు మా అయిదు జట్లకూ కలిపి వున్నది ఒకటే సర్వరు. ఒకరు బిందె ముంచితే రెండోవారు ఆగాలి. అందరూ ఇళ్ళకు వెళ్ళాక, అనుమతి తీసుకుని, ఒక రాత్రి గడియారం తిప్పాను. అనుకున్నంతా అయింది. వచ్చే ఏటి తేదీ వుండవలసిన గడి ఖాళీగా వచ్చింది. ఆ ఖాళీ చూసి ప్రోగ్రాము, మనిషి పోయినట్టే తీర్మానించుకుని పింఛను ఆపేసింది. తెల్లవారేలోగా గడియారం మళ్ళీ సరిచెయ్యాలి, లేకపోతే మిగతావాళ్ళ లెక్కలన్నీ తారుమారవుతాయి. సరిచేశాను.

పొద్దున్నే ప్రోగ్రాము రాసిన అబ్బాయి వచ్చి చూశాడు. "నా మిషనులో బాగానే వుంది మేడమ్" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆనాటి తేదీకి బాగానే వుంది. రాత్రి తీసిన తెరబొమ్మలు చూపిస్తే, గడియారం కదపడంవల్ల ఇంకేదో చెడివుంటుందని పైవారు తేల్చారు. పరీక్షకు వేరే సర్వరు ఒకటి ఇప్పించమని అడిగాను. ఆ కాగితం ఒక బల్లమీదనుంచి ఇంకో బల్లకు నడిచి, మూడు కొటేషన్లు పోగుచేసుకుని, పెట్టెగా మారి నా దగ్గరకు వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. ఫిబ్రవరి మధ్యలోనే ప్రోగ్రాము వాడకంలోకి వెళ్ళిపోయింది.

ఆ 29వ తేదీ శుక్రవారం. ఆరోజు పత్రాలిచ్చినవాళ్ళు పట్టుమని ఇరవైమంది కూడా లేరు. మార్చిలో వాళ్ళెవరికీ పింఛను రాలేదు. ఫిర్యాదుల దొంతరలో ఒక ముసలావిడ ఉత్తరం నా చేతికి వచ్చింది. భర్త పోయాక ఆవిడకు అదొక్కటే ఆధారమట. తాను స్వయంగా ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాననీ, తాను బ్రతికివున్న సంగతి ఇంకెవరిచేత చెప్పించమంటారనీ అడిగింది. లోపం దిద్దారు, బాకీ ఏప్రిల్లో చెల్లించారు. మధ్యలో ఆ నెల ఆవిడకు ఎట్లా గడిచిందో మాలో ఎవరికీ తెలియదు.

అప్పటికే అమెరికాలో కంప్యూటర్లను అద్దెకిచ్చే వ్యాపారం మొదలైంది. 2006 ఆగస్టులో అమెజాన్ వారు గంటకు పది సెంట్ల చొప్పున యంత్రాలివ్వడం ప్రారంభించారు. టెలిఫోనులాగే కంప్యూటరును కూడా జనానికి సరఫరా చేసే రోజు రావచ్చునని జాన్ మెకార్తీ అనే శాస్త్రజ్ఞుడు 1961లోనే అన్నాడు. ఆ రోజు రావడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. దీనికి క్లౌడ్, అంటే మబ్బు అని పేరు. మబ్బేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ యంత్రాలన్నీ నేలమీద, సిమెంటు గోడల మధ్య, చల్లటి గదుల్లో వుండేవే. 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతంలోనే అమెజాన్ వారు అటువంటి కేంద్రాలు తెరిచారు. మా అత్తగారికి నేను చెప్పింది వేరు. పెళ్ళి చెయ్యాలంటే గుండిగలూ గంగాళాలూ కొనుక్కుంటామా? అద్దె కొట్టునుంచి తెచ్చుకుని, వంటయ్యాక తోమి ఇచ్చేస్తాం. ఇదీ అంతే. ఆవిడకు వెంటనే అర్థమైంది. "మరి సొట్టలు పడితే ఎవరిస్తారే?" అని అడిగారు.

సొట్టలు పడితే పారెయ్యడమే అత్తయ్యా, అన్నాను. అదే దీని సొగసు. పది నిమిషాల్లో కొత్త యంత్రం పుడుతుంది. దానికి ఏమేం కావాలో, వంటల జాబితాలాగ, ముందే ఒక ఫైలులో రాసిపెట్టుకుంటాం. పరీక్ష అయ్యాక దాన్ని తుడిచేస్తాం. రేపు ఇంకొకటి, నిన్నటి మరక ఒక్కటీ లేకుండా. లెక్క కూడా వింతైనదే: ఒక యంత్రాన్ని నలభై గంటలు వాడినా, నలభై యంత్రాలను ఒక గంట వాడినా అద్దె ఒకటే.

యీ లెక్క మాకు అక్కరకు రావడానికి కారణం ఇంకొకటుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో, యూటా కొండల్లో పదిహేడుగురు ప్రోగ్రాముల పెద్దలు సమావేశమై, ఎజైల్ అనే పద్ధతికి ఒక ప్రకటన రాశారు. ఏడాదిపాటు తలుపులు మూసుకుని రాసి ఒక్కసారిగా ఇవ్వడం కాదు, కొద్దికొద్దిగా రాసి, వారాల్లోనే వాడేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు చెప్పినదాన్నిబట్టి మార్చుకుంటూ పోవడం. బాగానే వుంది. కాని రెండు వారాలకొకసారి కొత్త ముక్క అతికితే, పాత ముక్కలన్నీ చెడకుండా వున్నాయో లేదో రెండు వారాలకొకసారి చూడాలి. ఇల్లాలికి వంటలు పెరిగినకొద్దీ అంట్లు పెరిగినట్టు, మాకు పరీక్షలు పెరిగాయి. ఒక్క సర్వరుమీద అవన్నీ నడపడానికి వారం చాలేది కాదు. అద్దె యంత్రాలు లేకపోతే ఎజైల్ మాకు గోడమీది నినాదంగానే మిగిలేది.

ఇప్పుడీ పనంతా జెన్కిన్స్ చూసుకుంటాడు. మనిషి కాడు, అదొక సాఫ్ట్‌వేరు. బొమ్మలో మాత్రం నల్లకోటు తొడుక్కున్న బట్లరులా వుంటాడు. ఎవరైనా ఒక్క వరస మార్చి దాచగానే వీడు లేచి, యంత్రాలు పుట్టించి, పరీక్షలు నడిపించి, ఏది పోయిందో చిట్టా రాసి, యంత్రాలను మూసేస్తాడు.

2019 డిసెంబరుకు నేను మరో కంపెనీలో వున్నాను. మళ్ళీ పింఛన్ల ప్రోగ్రామే, వేరొక సంస్థది. శుక్రవారం సాయంత్రం రిలీజు. నేను ఫిబ్రవరి 29 సంగతి ఎత్తాను. "నా మిషనులో బాగానే వుంది మేడమ్" అన్నాడు అబ్బాయి. అబ్బాయి మారాడు గాని మాట మారలేదు. మేనేజరుగారు వాచీ చూసుకుంటూ, "రుజువుందా అమ్మా?" అన్నారు. ఆ గదిలోనే, అందరూ చూస్తుండగా ఒక యంత్రాన్ని అద్దెకు తీసుకున్నాను. దాని గడియారం 2020 ఫిబ్రవరి 29కి తిప్పాను. ఎవరి పనీ చెడలేదు, ఎందుకంటే అందులో ఇంకెవరూ లేరు. గడి ఖాళీగా వచ్చింది. మేనేజరుగారు నమ్మక, తనే ఇంకో కొత్త యంత్రం తీయించి చూశారు. మళ్ళీ ఖాళీ. రిలీజు మంగళవారానికి వాయిదాపడింది. రెండు యంత్రాలకూ కలిపి అయిన అద్దె మా క్యాంటీనులో టీ ఖరీదుకు తక్కువే.

2008లోనూ నేను నేనే, అనుమానమూ అదే. తిప్పుకోవడానికి నాకంటూ ఒక గడియారం అప్పుడు లేదు.

అయితే అద్దెకిచ్చేవారి ఇంట్లో మాత్రం యీ తప్పు దొర్లదా అంటారేమో. దొర్లింది. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్టు వారి అజూర్ క్లౌడ్ కొన్ని గంటలపాటు చతికిలబడింది. లోపల ఒక సర్టిఫికెట్టు గడువుకు ఏడాది కలపబోతే 2013 ఫిబ్రవరి 29 వచ్చింది! కారణాన్ని వారే దాచకుండా విడమర్చి చెప్పారు. ఆ వివరం అచ్చు తీసి నా బల్లమీద అంటించుకున్నాను.

ఖర్చు సంగతీ చెప్పాలి. ఒకసారి మా ఆఫీసులో ఒక జట్టువారు యాభై యంత్రాలను నడుస్తూనే వదిలేసి సంక్రాంతికి ఊళ్ళకు పోయారు. అరిసెలు అరిగేలోపు బిల్లు వచ్చింది. ఫ్యాను కట్టకుండా గదిలోంచి వెళ్ళేవాళ్ళను మా అత్తగారు అనే మాటలే మా అకౌంట్సు ఆయన ఇంగ్లీషులో అన్నాడు. ఇంకొక సంగతి. కొత్త యంత్రం తీరిగ్గా దొరుకుతోంది కదాని, అసలు మనుషుల పేర్లూ ఖాతాలూ అందులో పోసి పరీక్షించుకుందామనే సరదా కొందరికి వుంటుంది. నేను ఒప్పుకోను. 2023లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం రాకముందునుంచీ ఒప్పుకోలేదు. బంధువుల పేర్లు అటూయిటూ కలిపి పింఛనుదారులను నేనే పుట్టించుకుంటాను.

మా జట్టులో ఒకప్పుడు పన్నెండుమంది టెస్టర్లం. ఇప్పుడు ముగ్గురం. పరీక్షలు నడిపే పని జెన్కిన్స్‌కు పోయింది, రాసే పని చాలావరకు ప్రోగ్రాము రాసేవాళ్ళకే పోయింది. కొందరు ఆ విద్య నేర్చుకుని నిలబడ్డారు. కొందరికి ఉద్యోగాలే పోయాయి. నాతోపాటు చేరిన స్నేహితురాలు విజయవాడలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటోంది. ఇదంతా మంచికే వచ్చిందని ఆమె ఎదుట నేననలేను.

తర్వాతి ఫిబ్రవరి 29 వచ్చేది 2028లో, మంగళవారం. మాకు మాత్రం అది రోజూ వస్తుంది. రాత్రి ఒంటిగంటన్నరకు ఒక యంత్రం పుట్టి, గడియారం ఆ తేదీకి తిప్పుకుని, నేను పుట్టించిన ముసలివాళ్ళందరిచేతా పత్రాలిప్పించి, పదకొండు నిమిషాల్లో కన్నుమూస్తుంది. 2100 సంవత్సరం కూడా జాబితాలో చేర్చాను, ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే కాబట్టి. కుర్రాళ్ళు నవ్వారు. నవ్వి, ఎవరూ తీసెయ్యలేదు.