గాత్రము జీర్ణించును, గానము జీర్ణించదు

శబ్దము నిత్యమా, అనిత్యమా అను వివాదము మన దర్శనములలో అతిప్రాచీనమైనది. శబ్దము ఆకాశగుణమనియు, పుట్టి నశించునదే యనియు నైయాయికుల మతము. శబ్దము నిత్యమే, కంఠమునుండి వెలువడు ధ్వని దానిని వ్యక్తము చేయునే గాని పుట్టించదని జైమినిమతానుయాయులగు మీమాంసకుల సిద్ధాంతము. ఈ విచారము పాఠశాలలో కేవల తర్కముగా తోచును. వృద్ధగాయకుని కచేరీలో కూర్చున్నవానికి అదియే ఆర్తిగా మారును.

తిరుపతివాసులకు అట్టి అనుభవమును ప్రసాదించిన మహనీయులు శ్రీ గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. వారు 1948లో రాజమహేంద్రవరమున జన్మించిరి. నేదునూరి కృష్ణమూర్తి గారి వద్ద శిక్షణ పొందిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానముల అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి, 2006 వరకు సేవ చేసి, ఆస్థాన విద్వాంసులుగా ప్రసిద్ధులైరి. ఆరువందలకు పైగా అన్నమాచార్య సంకీర్తనలకు స్వరకల్పన చేసిరి.

ఈ స్వరకల్పన ఏల అవసరమయ్యెను? తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించిరని సంప్రదాయము. అందు లభించినవి పన్నెండు వేలకు పైబడినవి. అవి రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమందలి సంకీర్తనా భాండాగారమున శతాబ్దములపాటు మరుగున ఉండెను. రేకులపై రాగనామము కలదు, స్వరలిపి లేదు. తాటియాకును చెదలు తినును, రాగిని తినలేదు. ఐనను రాగిరేకు పాడలేదు. అక్షరము నిలిచినది, నాదము మాత్రము సజీవమైన ఒక కంఠముకొరకు నిరీక్షించినది.

కంఠమన్నచో దేహధర్మములు తప్పవు. పాశ్చాత్యదేశములలో రాక్ సంగీతమునందు వృద్ధులైన గాయకులను ప్రత్యక్షముగా చూచుటకు జనసముద్రము కదలివచ్చును. 1941లో జన్మించి, 2016లో సాహిత్యమున నోబెల్ పురస్కారము పొందిన బాబ్ డిలన్ తన పాత పాటలనే వేదికపై కొత్త తీరున పాడుట ప్రసిద్ధము. యౌవనకాలపు రికార్డును మనసున నిలుపుకొని వచ్చినవారు ఆ పాటను ఆనవాలు పట్టలేక తికమకపడుదురు. తిరుపతి శ్రోతకును ఈ చిక్కు కలదు. ఇంట క్యాసెట్టులో ఏండ్ల తరబడి విన్న కంఠమునకు వయస్సు రాదు. వేదికపైనున్న మనిషికి వచ్చును. డెబ్బది దాటిన ఏ గాయకునికైనను ఊపిరి కురుచనగును, తారస్థాయి దూరమగును. నాటి గాత్రమును నేటి గాత్రముతో తూచుచు కూర్చున్న శ్రోత పరీక్షకుడగును; అతనికి దక్కునది నష్టమే.

మరి ఎట్లు వినవలెను? దీనికి సమాధానము తిరుమలలోనే కలదు. సహస్రదీపాలంకరణ సేవలో స్వామి ఉభయదేవేరులతో ఊంజలపై ఊగుచుండగా గాయకులు సంకీర్తనలు పాడుదురు. అక్కడ ప్రధానశ్రోత స్వామియే. చుట్టునున్న భక్తులు ఆ శ్రవణమున పాలుపంచుకొనువారు మాత్రమే. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వంశీయులు లాలి పాడుదురు. దానికి సభ లేదు, చప్పట్లు లేవు. ఆ గానము ప్రదర్శన కాదు, కైంకర్యము. వృద్ధార్చకుని చేయి వణకినచో అభిషేకధార సన్నగిల్లినదని ఎవరును లెక్కించరు. స్వామి శిరస్సుపై పడిన ప్రతి బిందువును తీర్థమే. గానమును అట్లు విన్నవానికి, గమకము తగ్గినచోట పదము స్పష్టమగును, వేగము తగ్గినచోట అర్థము నిలుచును. భోగముగా వచ్చిన శ్రవణము సాధనగా మారును.

2025 మార్చి 9న, తిరుపతిలోనే, 76వ యేట, బాలకృష్ణప్రసాద్ గారు పరమపదించిరి. అది ఫాల్గుణమాసము, అన్నమాచార్యుల వర్ధంతియగు బహుళద్వాదశియు ఆ మాసముననే వచ్చును. నాటితో ఆ కంఠమును ఎదుట కూర్చుండి వినుట ముగిసినది. నైయాయికుడే గెలిచినట్లు తోచును. కాని ‘వినరో భాగ్యము’ సంకీర్తనను పాడుకొనువారిని ఆ స్వరము ఎవరిదని అడిగిన, అన్నమయ్యదే యనువారు ఎందరో. వారు కట్టిన బాణీ కవివాక్యముతో అంతగా ఏకమైనది. మీమాంసకుల విచారము వర్ణవిషయకము గనుక బాణీలకు యథాతథముగా చెల్లదు. ఐనను దృష్టాంతముగా గ్రహించినచో, ధ్వని పోయినను అది వ్యక్తము చేసినది పోలేదు.

ఇట్లు స్వరకర్త మరుగగుట ఆయన వినయమునకు ఫలము కావచ్చును. మనకు మాత్రము ఋణము. వేదమంత్రమును జపించుటకు ముందు ఋషిని, ఛందస్సును, దేవతను స్మరించుట విధి. ఋషి మంత్రమునకు కర్త కాడు, ద్రష్ట; ఐనను ఆయన నామము విడువబడదు. మౌనముగానున్న రాగిరేకునుండి నాదమును దర్శించినవారికి ఆ గౌరవచ్ఛాయయైనను చెల్లవలదా? భజనమందిరమున సంకీర్తన ఎత్తుకొనునపుడు, వాగ్గేయకారుని పేరుతోపాటు బాణీ కట్టినవారి పేరును ఒక్కమారు ఉచ్చరించుట కష్టము కాదు. పిల్లలకు పాట నేర్పువారు ఆ పేరును కూడ నేర్పవలెను. జీవించియున్న వృద్ధవిద్వాంసుల కచేరీ ఊరిలో జరుగునపుడు, రికార్డు ఉన్నదిగదా అని ఇంట నిలువక, వెళ్లి వారి ఎదుట కూర్చుండవలెను.

శ్రీవేంకటేశార్పణమస్తు.