మాత్ర వేశాం, ఇంకా గోకుతోందేం?

‘మొన్ననే ఫ్లీల మాత్ర వేశామండీ, అయినా గోకుతూనే ఉంది!’ కుక్కల్ని పెంచేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాక మానదు. మాత్ర మీద నమ్మకం పోగొట్టుకోకముందే కాసేపు కూర్చోండి, మాట్లాడుకుందాం.

ముందు, కుక్క ఒంటి మీద ఉన్నవి ఫ్లీలేనా, అంటే రక్తం తాగే ఆ చిన్న పురుగులేనా? తోక మొదట్లో బొచ్చు విడదీసి చూడండి. నల్లటి నలుసులు కనిపిస్తే తడి దూది మీద వేసి నలపండి. చుట్టూ ఎర్రగా మరక పాకితే అది మట్టి కాదు, ఫ్లీ తాగి విసర్జించిన మీ కుక్క రక్తమే.

ఇక మాత్ర సంగతి. నెక్స్‌గార్డ్, సింపారికా మాత్రలైతే నెలకొకటి. బ్రావెక్టో అయితే 12 వారాలకొకటి, అదీ అన్నంతో పాటు. మందు రక్తంలో కలుస్తుంది కాబట్టి స్నానం చేయించినా పోదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: ఇది ఫ్లీలను తరమదు. ఫ్లీ ఎక్కాలి, కుట్టాలి, రక్తం తాగాలి. అప్పుడే దాని నరాలు దెబ్బతిని చస్తుంది. అందుకే మాత్ర వేశాక కూడా ఒకటీ అరా కనిపిస్తాయి.

మరి కొత్తవి ఎక్కడినుంచి వస్తున్నాయంటారా? మన ఇంట్లోంచే! ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి బొచ్చులో నిలవవు, కుక్క పడుకున్నచోటల్లా రాలతాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు గూడు కట్టుకుంటే నెలల తరబడి అందులోనే కాచుకుని ఉండగలదు. దాన్ని ఏ మాత్రా తాకలేదు. కాబట్టి పక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, సోఫా సందులు వాక్యూమ్ చేయండి. ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే వాటికీ మందు పడాలి. పిల్లికి మాత్రం పిల్లుల మందే.

మోతాదు కుక్క బరువును బట్టి. పెద్దకుక్క మాత్రను విరిచి చిన్నదానికి పెట్టకండి. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఈ తరహా మందులతో కొన్ని కుక్కలకు వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఫ్లీలను మింగిన కుక్కకు బద్దెపురుగులూ పట్టొచ్చు, వాటి మందు కూడా అడగండి.

తర్వాతి మాత్ర తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. గోకడం ఆగిన నెలలోనూ వేయండి. తగ్గింది కదా అని మానేస్తే, గూళ్లలో ఉన్నవి బయటికొచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది.